ఇనుముకు ఇన్ని పేర్లు - దాన్ని తీసినోనికి పేరేది?

పేరు పెట్టే హక్కు ఎవరిది? మనిషికి పెట్టినా, ఊరికి పెట్టినా, వస్తువుకు పెట్టినా ఆ హక్కు వెనక ఒక పెత్తనం ఉంటది. మన తాతల పేర్లకు 'గాడు' తగిలించి పిలిచినోళ్లే తమ పేర్లకు దొరతనం తగిలించుకున్నరు. కాబట్టి పేరుతో చేసే పెత్తనం మనకు కొత్త కాదు. ఈసారి మేం మనిషి పేరు గురించి కాదు, ఒక లోహం పేరు గురించి మాట్లాడదల్చుకున్నం. బంగారం గురించి కాదు, వెండి గురించి కాదు. ఇనుము గురించి. ఇంత మామూలు వస్తువు పేరులో ఏముంది అనేవాళ్లు చివరిదాకా చదవాలె.

పాత ఆదిలాబాద్ జిల్లా అంగళ్లల్ల ఇనుప సామాను పరిచిన జాగకాడ నిలబడితే ఒక్క గొడ్డలి చుట్టూ నాలుగైదు భాషలు వినబడతయి. తెలుగోడు ఇనుము అంటడు. గోండు మనిషి కచ్చి అంటడు. కొలాముల మాట మన తెలుగు మాటకు తోబుట్టువు, వాళ్లు ఇనుం అంటరు. పెన్‌గంగ దాటి వచ్చిన మరాఠీవాళ్లు లోఖండ్ అంటరు. ఉర్దూ మాట్లాడే దుకాణదారు లోహా అంటడు. బడిలో పిల్లలు చదివే సైన్సు పుస్తకంలో దాని పేరు ఎఫ్‌ఈ. అంటే ఫెర్రం. అది రోము నగరంలో పుట్టిన లాటిన్ మాట. ఇనుము కొలిమి పక్కన పుట్టిన పిల్లగాడు కూడా పరీక్షలో ఫెర్రం అని రాస్తేనే మార్కులు.

ఇందులో ఏ పేరు ఎక్కడిది అని అడగడం పండితుల పని అని మనం ఊరుకుంటం. ఊరుకోవద్దు. ఎందుకంటే పేర్లలో చరిత్ర దాగి ఉంటది. తాళపత్రాలు రాయనియ్యని కులాల చరిత్ర నాలుక మీదనే మిగిలింది.

తెలుగులో ఇనుము, తమిళంలో ఇరుంబు, మలయాళంలో ఇరుంబు, కొడగులో ఇరిఁబి, కొలామీలో ఇనుం. ఇవన్నీ ఒక్క తల్లి పిల్లలు. అట్లనే కొలిమి. తెలుగులో కొలిమి, కన్నడలో కులుమె, గోండీలో కొల్మి. తమిళంలో ఇనుము పని చేసేవాణ్ణి కొల్లన్ అంటరు, మలయాళంలోనూ అంతే. ఉక్కు అన్న మాట తెలుగు, కన్నడ రెండింటిలోనూ ఉంది. దీనర్థం ఏంది? ఇనుము తీయడం, కాల్చడం, కొట్టడం ఈ నేల మీద జనం తమ భాషలోనే నేర్చుకున్నరు, తమ భాషలోనే పిల్లలకు నేర్పిన్రు. సంస్కృతం వచ్చి నేర్పితే ఈ మాటలు మనకు ఉండేవి కావు. గుడిలో మాటలు చూడండి: అర్చన, నైవేద్యం, తీర్థం, ప్రసాదం. అన్నీ పై నుంచి దిగినయే. కొలిమికాడ మాటలు చూడండి: ఇనుము, ఉక్కు, కొలిమి, తిత్తి, చిట్టెం, కర్రు, పార, కొడవలి, గొడ్డలి. ఏ మంత్రం చదివేవాడూ వీటికి పేరు పెట్టలేదు. పని చేసినోడే పేరు పెట్టిండు. తెలుగు భాష ఎవరిది అని వాదం వచ్చినప్పుడల్లా మనం ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూపాలె.

గోండుల మాటకు ఇంకా లోతు ఉంది. వాళ్ల పుట్టుక కథలో కచికోప లోహగఢ్ అన్న చోటు ఉంది. కచి అంటే ఇనుము. ఆ ఇనుప లోయలో, కొండ గుహలో చిక్కుబడిన గోండు దేవుళ్లను పహండి కుపార్ లింగో విడిపించిండని వాళ్ల పెద్దలు చెప్తరు. మహారాష్ట్రలోని గోందియా జిల్లా కచార్‌గఢ్‌కు ఏటా మాఘ పున్నానికి మన ఆదిలాబాద్ గోండులు కూడా పోతరు. ఒక జాతి తన పుట్టుకనే ఇనుము పేరుతో చెప్పుకుంటున్నది. అడవిలో ఉన్నోళ్లకు లోహం సంగతి ఏం తెలుసు అని నవ్వేవాళ్లు ఈ ఒక్క మాటకు జవాబు చెప్పాలె.

ఇప్పుడు సంస్కృతం వైపు చూద్దాం. ఋగ్వేదంలో అయస్ అనే మాట ఉంది. అది మొదట రాగికో కంచుకో వాడిన మాట అని చరిత్రకారులు అంటరు. ఇనుము పరిచయం అయినంక దాన్ని నల్ల అయస్ అని విడదీసి చెప్పుకోవల్సి వచ్చింది. లోహం అన్న మాటకూ మొదటి అర్థం ఎర్రనిది, అంటే రాగి. తర్వాతనే ఇనుమైంది, ఆ తర్వాత అన్ని లోహాలకూ అదే పేరైంది. అంటే వాళ్ల దగ్గర ఇనుముకు సొంత పేరు లేదు, రాగి పేరుకు రంగు పూసి వాడుకున్నరు. కృష్ణాయసం, కాలాయసం - రెండింటికీ నల్ల లోహం అనే అర్థం.

నలుపు మాటలో తప్పు లేదు. మన దక్షిణాది భాషల్లోనూ ఆ నలుపు ఉంది. తమిళంలో ఇనుముకు కరుంపొన్ అని ఒక పేరు. కరు అంటే నలుపు, పొన్ అంటే లోహం, బంగారం కూడా. కన్నడలో ఇనుమును కబ్బిణ అంటరు, అదీ ఈ నల్ల పొన్నే. ఇంగ్లీషువాడు కూడా ఇనుము పనివాణ్ణి బ్లాక్‌స్మిత్ అన్నడు, నల్ల పనివాడు అని. పని చేసినోడు నల్ల పొన్ను అని పిలిచిండంటే అందులో మెచ్చుకోలు ఉంది. బంగారం పక్కన నిలబెట్టిండు. అదే నలుపు మనువు చేతిలో పడ్డంక ఏమైందో చూడండి.

మనుస్మృతి పదో అధ్యాయం తీయండి. చండాలుడు ఊరి బయట ఉండాలె, శవాల మీది బట్టలు కట్టాలె, పగిలిన చిప్పలో తినాలె అని విధించిన చోట అతని నగ ఏమిటో కూడా విధించిండు. కార్ష్ణాయసం. నల్ల ఇనుము. అంటే దళితుని ఒంటి మీద ఏ లోహం ఉండాలో కూడా చట్టం చేసిన్రు. బంగారం వాళ్లకు, ఇనుము మనకు. అక్కడ ఇనుము లోహం కాదు, గుర్తు. దూరం నుంచే చూసి తప్పుకోవడానికి మనిషికి వేసిన ముద్ర. పశువుకు కాల్చి వేసే ముద్రకూ దీనికీ తేడా లేదు. 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆ పుస్తకాన్ని తగలబెట్టించినప్పుడు మంటల్లో పడ్డది ఈ శాసనం కూడా.

ఇది దళితుల సంగతి, మాకేం అని కమ్మరి తమ్ముడు అనుకోవద్దు. అదే మనుస్మృతి నాలుగో అధ్యాయంలో బ్రాహ్మణుడు ఎవరెవరి ఇంట అన్నం ముట్టరాదో జాబితా ఉంది. అందులో కర్మారుడు ఉన్నడు. అంటే కమ్మరే. నిషాదుడు ఉన్నడు, ఆటగాడు ఉన్నడు, బంగారం పని చేసే అవుసులాయన ఉన్నడు, వెదురు పని చేసేవాడు ఉన్నడు. నాగలి కర్రు నీది కావాలె, నీ అన్నం వద్దు. ఇదీ వాళ్ల లెక్క.

ఇంకో లెక్క కూడా ఈ దేశంలో ఉండె. పావా ఊర్లో చుందుడనే ఆయన పెట్టిన బువ్వ తిన్నంకనే బుద్ధుడు జబ్బుపడి కుసినారలో కన్నుమూసిండు. ఆ చుందుణ్ణి పాళీ గ్రంథాలు ఏమంటయి? కమ్మారపుత్త. కమ్మరి కొడుకు. చనిపోయే ముందు బుద్ధుడు ఆనందుణ్ణి పిలిచి, చుందుణ్ణి ఎవరూ నిందించకుండా చూడమని చెప్పిండు. ఒక గ్రంథం కమ్మరి అన్నం ముట్టొద్దంటది. ఇంకొక దారి పట్టినాయన తన ఆఖరి బువ్వ కమ్మరి ఇంట్ల తిని, పెట్టినోని పరువు కాపాడిండు. ఒక్క కులం పేరు రెండు పుస్తకాలల్ల ఎట్ల పలికిందో చూస్తే మనకు ఏ దారి మనదో అర్థమైతది.

పేర్ల పెత్తనం ఇంతటితో ఆగలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో, తెలంగాణ అంతటా, పెద్ద పెద్ద బండరాళ్లు వలయంగా పేర్చిన పాత సమాధులు ఉన్నయి. వాటిని తవ్వితే బొక్కలతోపాటు ఇనుప కత్తులు, బాకులు, గొడ్డళ్లు, ఉలులు దొరుకుతయి. కరీంనగర్ జిల్లా కదంబాపూర్‌లో తవ్వితే ఇవే దొరికినయి. పెద్దబంకూర్‌లో శాతవాహనుల కాలం ఊరు బయటపడ్డప్పుడు బావులు, నాణేలతోపాటు ఇనుప పనిముట్లు కూడా బయటపడ్డయి. ఈ నేల మీద మొట్టమొదట ఇనుము వాడిన తాతముత్తాతల సమాధులవి. ఊర్లల్ల వాటికి ఏం పేరు? రాకాసి గుళ్లు! ఎవరు రాకాసులు? బండలు మోసినోళ్లా, ఇనుము కరిగించినోళ్లా? జార్ఖండ్ అడవుల్లో తరతరాలుగా ఇనుము తీసిన ఆదివాసుల జాతికి ఇప్పటికీ పేరు అసుర్. ప్రభుత్వ లెక్కల్లో కూడా అదే పేరు. పురాణం చదివినోనికి అసురుడంటే చంపదగ్గవాడు. ఆ జాతికి మాత్రం అది ఇంటిపేరు, కొలిమి పేరు. ఇనుము తీసినోణ్ణి రాకాసి అనుకుంట, వాడు తీసిన ఇనుముతో చేసిన కత్తిని దేవుని చేతికిచ్చిన్రు.

ఇగ ఉక్కు సంగతికి వద్దాం. ఇది మన ఇంటి ముంగట జరిగిన చరిత్ర. నిర్మల్, జగిత్యాల, మెట్‌పల్లి, కమ్మర్‌పల్లి చుట్టుపక్కల, గోదావరికి రెండు పక్కలా, శతాబ్దాల పాటు ఇనుము తీసిన్రు, ఉక్కు చేసిన్రు. ఉక్కుకు అందరికన్నా పేరు పడ్డ ఊరు కోనసముద్రం. ఇప్పటి లెక్కల్లో నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలం. ఆ మండలం పేరులోనే కమ్మరి ఉన్నడు చూడండి. 1820ల తొలినాళ్లలో నిజాం రాజ్యంలో సర్వే చేసిన హెన్రీ వాయ్‌సే అనే డాక్టరు కోనసముద్రంలో ఉక్కు తీసే పద్ధతి చూసి రాసిపెట్టిండు. ఆయన 1824లో చనిపోయిండు, ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుము కలిపి, మూసలో పెట్టి మూతవేసి, రాత్రీ పగలూ తిత్తులు ఊది కరిగించేవాళ్లు. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ ఆ ఊర్లనే మకాం వేసి, దగ్గరుండి పని చూసి, ఉక్కు ముద్దలు కొనుక్కపోతున్నడని కూడా వాయ్‌సే రాసిండు. కరీంనగర్ దాటి కూడ పోని మనిషి తీసిన ముద్ద, వేల మైళ్ల అవతల కత్తి అయింది.

ఆ కత్తికి ఏం పేరు పడ్డది? అరబ్బులు హింద్ దేశపు కత్తిని ముహన్నద్ అన్నరు. పర్షియావాళ్లు ఆ ఉక్కును పూలాద్ అన్నరు. అదే ఉర్దూలో ఫౌలాద్, మరాఠీలో పోలాద్, రష్యాలో బులాత్. యూరప్‌వాళ్లు డమాస్కస్ కత్తి అన్నరు, సిరియా దేశపు బజారు పేరు మీద. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఈ ఉక్కు ముక్కలను లండన్‌కు పంపిండు. 1795లో జార్జ్ పియర్సన్ అక్కడి రాయల్ సొసైటీకి వాటి మీద వ్యాసం సమర్పించిండు. అందులో దాని పేరు వూట్జ్. మన ఉక్కు అన్న మాటే తెల్లవాని చెవిలో పడి, కలంలో పడి వూట్జ్ అయిందని ఎక్కువమంది పండితుల మాట. అది కన్నడ ఉక్కా తెలుగు ఉక్కా అని ఇప్పుడు తగాద. తగాద పడేవాళ్లు పడనీ. మేం అడిగేది వేరే. కొన్నోడి బజారు పేరు ఉంది, మోసినోడి దేశం పేరు ఉంది, పరీక్ష చేసినోడి పేరు ఉంది, హాజీ కథ ఉంది, డాక్టరు సాబు పేరు ఉంది. ఆ మూస ముంగట రాత్రంతా కూసున్న కోనసముద్రం మనిషి పేరు ఒక్కటన్నా ఉందా?

ఇంకో సంగతి. ఆ వూట్జ్ గుట్టు తెలుసుకోవాలని 1819 నుంచి లండన్‌లో ప్రయోగాలు చేసినోళ్లలో మైకేల్ ఫారడే ఒకడు. కరెంటు మోటారుకు, డైనమోకు దారి చూపిన మహా శాస్త్రవేత్త. ఆ ఫారడే తండ్రి ఎవరో తెలుసా? కమ్మరి. ఇంగ్లాండ్‌లో పేద కమ్మరి కొడుకు పుస్తకాల బైండింగ్ పని చేసుకుంట, ఆ పుస్తకాలే చదువుకుంట శాస్త్రవేత్త కాగలిగిండు. ఆయన ఏ ఉక్కు ముక్కను ముందట పెట్టుకుని తల బద్దలు కొట్టుకున్నడో, అసొంటి ఉక్కును చేతితో చేసిన మన కమ్మరి కొడుకుకు అక్షరం ముట్టే హక్కు లేదు. తెలివిలో తేడా లేదు. చదువు తలుపు దగ్గర తేడా ఉంది. కులం అంటే ఇదే. చేతికి వచ్చిన విద్యను పుస్తకంలోకి పోనియ్యదు, పుస్తకంలో ఉన్న విద్యను చేతికి రానియ్యదు. ఆఖరుకు చెయ్యి సచ్చిపోతే విద్య కూడా సచ్చిపోతది.

ఇక ఇనుము తీసినోళ్లంటే ఒక్క కమ్మరే అనుకుంటే అదీ సగం చరిత్రే. కొలిమి చుట్టూ ఎన్ని చేతులున్నయో లెక్కపెడదాం. మన దిక్కు రాయి నుంచి ఇనుము తీసేవాళ్లను ముద్ద కమ్మరులు అనేవాళ్లు. మట్టితో కట్టిన పొయ్యిలో ఇనుపరాయి పొడి, బొగ్గులు వరసలుగా పోసి ఊదితే ఇనుము నీళ్లలెక్క కారదు. దానికి 1,500 డిగ్రీలు దాటిన వేడి కావాలె. చిట్టెం కరిగి బయటికి కారిపోతది, అడుగున గుల్ల గుల్లగా ముద్ద మిగుల్తది. ఆ ముద్దను కాల్చి కొట్టి, కాల్చి కొట్టి ఇనుము చేస్తరు. ఆ ముద్ద పేరే ఆ మనుషుల పేరైంది. ఇనుపరాయి తవ్వింది, ఏరింది, దంచింది, మోసింది ఆడా మగా కూలి జనం. బొగ్గుల కోసం అడవిలో కట్టె కొట్టి కాల్చినోళ్లు ఇంకొకరు.

తిత్తి లేకపోతే కొలిమి లేదు. తిత్తి దేనితో చేస్తరు? తోలుతో. తోలు ఎవరిది? చచ్చిన పశువును ఊరవతలికి ఈడ్చి, తోలు తీసి, సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనిన మాదిగది. ఈ తంగేడు కథ వినాలె. దక్షిణాదిలో ఉక్కు తీసే చోట్ల మూసలో ఇనుముతోపాటు తంగేడు కట్టె ముక్కలు వేసి, ఆకులు కప్పి మూత పెట్టేవాళ్లని చూసినోళ్లు రాసిన్రు. ఆ కట్టెలోని బొగ్గుసారం ఇనుములో కలిస్తేనే ఉక్కు. నూటికి ఒకటిన్నర పాలు అటు ఇటుగా కలవాలె. తక్కువైతే మెత్తన, ఎక్కువైతే పెళుసు. తోలును మెత్తగ చేసేదీ తంగేడే, ఇనుమును గట్టిగ చేసేదీ తంగేడే. మూస మట్టిలో కలిపేది వడ్ల ఊక. పొలంలో నాటేసి, కోసి, దంచిన ఆడోళ్ల చేతి ఊక. 2014లో తెలంగాణ వచ్చినంక తంగేడును రాష్ట్ర పుష్పం చేసుకున్నం. బతుకమ్మలో పేర్చుకుంటం, మంచిదే. అయితే ఆ చెట్టు చెక్కతో తోలు ఊనినోని పేరు, ఆ కట్టెతో ఉక్కు చేసినోని పేరు ఏ సభలో చదివినం?

ఇక్కడ మనలో మనం ఒక మాట నిక్కచ్చిగ చెప్పుకోవాలె. మాదిగోని తిత్తితో ఊదిన కొలిమి ముంగట మాదిగోడు ఎక్కడ నిలబడిండు? ఎన్నో ఊర్లల్ల ఆరె, రంపె సాన పట్టించుకోవాలన్నా దూరంగ నిలబడి అడిగిండు. పంచాణం వాళ్లు తాము విశ్వబ్రాహ్మణులమని జంజం వేసుకున్నరు, మనువు మాత్రం వాళ్ల అన్నం ముట్టొద్దనే రాసిండు. పైవాడు నీ బువ్వ ముట్టడు, నువ్వు కిందోని చెయ్యి ముట్టవు. తిత్తి తోలుకు లేని మైల తోలు తీసిన చేతికి ఎందుకొచ్చింది? నిప్పుకు కులం లేదు. ఇనుముతో కలిసిన అగ్నికి సమ్మెట దెబ్బలు తప్పవని మన సామెత. కలిసి దెబ్బలు తిన్నోళ్లం విడిపోయి ఎవరికి బలమిచ్చినం?

ఈ కొలుములు ఎట్ల ఆరిపోయినయి? రాత కోసం ఎవరూ ఏడ్వలేదు గనుక ఒక్కో కొలిమి ఆరిన రోజు ఎవరూ రాయలేదు. కారణాలు మాత్రం తెలుసు. యూరప్‌లో రాతిబొగ్గుతో నడిచే పెద్ద కొలుములు వచ్చినయి. 1856లో బెస్సిమర్ పద్ధతితో ఉక్కు చవక అయింది. ఓడల మీద, రైళ్ల మీద విదేశీ ఇనుము మన అంగళ్లకు దిగింది. ఇంకో పక్క అడవిని సర్కారు రిజర్వు చేసి కాపలా పెట్టింది. కట్టె కొడితే నేరం, బొగ్గులు కాలిస్తే జుర్మానా. బొగ్గు లేని కొలిమి బూడిద దిబ్బ. ముద్ద కమ్మరులు కూలికి పోయిన్రు. ఊరి కమ్మరి అంగడిలో కొన్న పట్టెను, తుక్కును కాల్చి కర్రు సాగదీసే వరకే మిగిలిండు. ట్రాక్టరు వచ్చినంక అదీ పోయింది. ఇనుము తీసిన జాతి పిల్లలు ఇయ్యాల పాత ఇనుప సామాను కొనేటి బండి తోలుతున్నరు.

కొత్త ఉక్కు సంగతి ఏంది? 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని ఉద్యమం లేచింది, 32 మంది ప్రాణాలు పోయినయి. ఉక్కు అనే తెలుగు మాట పక్కన హక్కు అనే అరబ్బీ మాట వచ్చి కూసున్నది. ఆ జోడు బాగ కుదిరింది. సర్కారు ఫ్యాక్టరీ అయింది గనుక రిజర్వేషన్ వచ్చింది, దళిత పిల్లలకు అందులో కొలువులు దొరికినయి. 2021 జనవరిలో కేంద్రం ఆ ఫ్యాక్టరీని నూటికి నూరు పాళ్లు అమ్మాలని నిర్ణయం చేసింది. కార్మికులు కొట్లాడితే 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించిన్రు. ప్రైవేటు చేతికి పోతే ఉక్కు ఉంటది, మన హక్కు ఉండదు. మన దిక్కు బయ్యారం సంగతి ఇంకా అన్యాయం. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలు ఉందో లేదో ఆరు నెలల్లో చూడాలని రాసిన్రు. ఏండ్లకు ఏండ్లు గడిచినయి. ఉక్కుకు పేరు ఇచ్చిన గడ్డ మీద ఉక్కు కొలిమి లేదు.

2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం తమ రాష్ట్రంలో దొరికిన ఇనుము ఐదు వేల ఏండ్లకు పైబడ్డదని ప్రకటించింది. శివగళై తవ్వకాల నమూనాలను ల్యాబుల్లో పరీక్ష చేయించి, ముఖ్యమంత్రే పుస్తకం విడుదల చేసిండు. దాని మీద పండితులు ఎన్ని వాదాలైనా చేసుకోనీ, ఒక ప్రభుత్వం ఇనుమును తమ జనం గౌరవంగ నిలబెట్టుకున్నది. మన దగ్గర? 2010లో బెంగుళూరు, ఇంగ్లాండ్ పరిశోధకులు వచ్చి ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల పల్లెలు తిరిగి, చిట్టెం దిబ్బలు, మూస ముక్కలు దొరికిన జాగాలు ఒక్కొక్కటి రాసుకున్నరు. మన ప్రాంతం నుంచి ఎస్. జైకిషన్ ఇదే పని మీద ఏండ్ల తరబడి తిరిగి పుస్తకం రాసిండు. రాసినోళ్లకు దండం. అయితే దిబ్బలు మాత్రం పొలాల్లో కలుస్తున్నయి, రోడ్డు కింద మొరం అయితున్నయి. గుడి గోడ రాయి కదిలితే ఊరు లేస్తది. చిట్టెం దిబ్బను జేసీబీ ఎత్తుకపోతే అడిగేవాడు లేడు. గుడి వాళ్ల చరిత్ర, చిట్టెం మన చరిత్ర. తేడా అదే.

అందుకే మేం అడిగేది ఇది. ఒకటి, చిట్టెం దిబ్బలున్న ప్రతి ఊర్లో కనీసం ఒక్క దిబ్బనన్నా కంచె వేసి కాపాడాలె. అక్కడ నిలబెట్టే బోర్డు మీద వూట్జ్ అని కాదు, ఉక్కు అని రాయాలె. ముద్ద కమ్మరుల పేరు, తిత్తి కుట్టిన మాదిగల పేరు, ఇనుపరాయి మోసిన ఆడోళ్ల ఊసు రాయాలె. రెండు, బడి పుస్తకంలో ఫెర్రం పక్కన కచ్చి, ఇనుం, ఇనుము, ఇరుంబు, కబ్బిణ, లోఖండ్, లోహా అన్నీ రావాలె. గోండు పిల్ల తన మాట పుస్తకంలో చూసుకోవాలె. మూడు, ఇది సర్కారు చేసే పని కాదు, మనమే చేయాలె. ముసలి కమ్మరులు, ముసలి మాదిగలు ఇంకా కొందరు ఉన్నరు. పనిముట్ల పేర్లు, రాయి రకాల పేర్లు, నిప్పు రంగుల పేర్లు, తిత్తి భాగాల పేర్లు వాళ్ల నోట్లో ఉన్నయి. చదువుకున్న పిల్లలు నోటుబుక్కు పట్టుకుని పోయి రాసుకోవాలె. ఒక్కో మనిషి పోతుంటే ఒక్కో నిఘంటువు మట్టిలో కలుస్తున్నది.

ఉర్దూలో ఒక నుడికారం ఉంది. ఎదుటోని సత్తాను ఒప్పుకోవడాన్ని 'లోహా మాన్‌నా' అంటరు. వాని ఇనుమును ఒప్పుకోవడం అని. ప్రపంచమంతా మన ఇనుమును ఒప్పుకున్నది, డమాస్కస్ నుంచి లండన్ దాకా. మన ఊరే మనల్ని ఒప్పుకోలేదు. నల్ల ఇనుమును మనువు మన ఒంటి మీద అవమానం కింద వేలాడదీసిండు. అది మన చేతుల్లో పుట్టిన నల్ల పొన్ను. పేరు మనదే, పని మనదే. ఇగ దాని చరిత్ర కూడా మన చేతితోనే రాసుకుందాం.